క్లాసులో వాళ్లే, గదిలో వాళ్లే: లెర్నింగ్ కమ్యూనిటీ హాస్టల్లో ఉండాలా, మారిపోవాలా?

కొండపి_పిల్ల | సెప్టెంబరు 13

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది కొండపి పక్కన పల్లె. నాన్న పొగాకు రైతు, మాకు ఒక బ్యారన్ ఉంది, అంటే పచ్చాకును వేడితో ఎండబెట్టే గది. ఇంటర్ ఎంపీసీ నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం నలుగురిలో చెప్పుకునేది కాదు. అయినా నాకు ఇంజినీరింగ్ మీద మనసు లేదు. స్కాలర్‌షిప్ వచ్చిందని చెన్నై వైపు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాలుగేళ్ల బీఏ ఆనర్స్‌లో చేరాను. లిబరల్ ఆర్ట్స్, అంటే సాహిత్యం, చరిత్ర, సమాజం లాంటివి కలిపి చదవడం. మా ఊళ్లో ఈ మాట ఎవరికి చెప్పినా "డ్రాయింగా అమ్మా?" అంటున్నారు. మా పెదనాన్న అయితే "పోనీలే, ఈసారి బ్యారన్‌కి బొమ్మలు వేయిద్దాం" అన్నాడు.

చేరేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. మామూలు హాస్టల్ కావాలా, రెసిడెన్షియల్ లెర్నింగ్ కమ్యూనిటీ కావాలా అని. రెండింటికీ ఫీజు ఒకటే. రెండోది ఫస్టియర్ వాళ్లకు మంచిదని రాసుంటే టిక్కు పెట్టేశాను. అదేమిటో ఇప్పుడు తెలిసొస్తోంది.

మొదటి అంతస్తు మొత్తం మాదే. ఇరవై ఆరు మంది ఆడపిల్లలం, అందరం ఫస్టియరే. రెండు కోర్సులు మా అందరికీ ఒకే సెక్షన్‌లో పెట్టారు. ఒకటి రాయడం నేర్పే కోర్సు, ఇంకొకటి పల్లెలూ పట్నాలూ ఎట్లా మారుతున్నాయనే కోర్సు. ఆ రెండోది చెప్పే మేడం కింద అంతస్తులోనే కుటుంబంతో ఉంటారు. బుధవారం భోజనాలయ్యాక కామన్ రూమ్‌లో చాపలేసుకుని, ఆ వారం చదివిన దాని మీద మాట్లాడాలి. వారానికొకరు నడపాలి.

వినడానికి బాగుంది కదా. నాకూ అట్లానే అనిపించింది.

సమస్య ఏమిటంటే, పొద్దున క్లాసులో ఏదో అడుగుతారు, నాకు నోరు పెగలదు. వేరేచోట అయితే ఆ సిగ్గు క్లాసులోనే వదిలేసి బయటపడొచ్చు. ఇక్కడ అది నాతోపాటే మెట్లెక్కి పైకి వస్తుంది. రాత్రి వాష్‌బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటుంటే పక్క పిల్ల "పొద్దున నువ్వేదో చెప్పబోయి ఆగిపోయావు, ఏమిటది?" అని అడుగుతుంది. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే. ఎగతాళి అయితే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

గదిలో ముగ్గురం. ఒకమ్మాయిది బెంగళూరు, ఒకమ్మాయిది కొచ్చి. ఇద్దరూ మంచివాళ్లే. వాళ్ల ఇంగ్లిష్ జోకులకు వాళ్లు నవ్విన రెండు సెకన్ల తర్వాత నేను నవ్వుతాను. ఆ రెండు సెకన్లు వాళ్లకు తెలుస్తున్నాయని నాకు తెలుసు. అమ్మతో ఫోన్ మాట్లాడాలంటే బట్టలారేసే డాబా మీదకు పోతాను. అక్కడికీ ఎవరో ఒకరు బకెట్ పట్టుకుని వస్తారు. నేను తెలుగులో ఏడ్చినా వాళ్లకు అర్థం కాదు, అదొక్కటే లాభం.

ఈ నెల 30 లోపు రాసిస్తే మామూలు హాస్టల్‌కి మారొచ్చు. తర్వాత ఏడాదంతా ఇక్కడే. అక్కడ ఒక సెకండియర్ తెలుగమ్మాయి గదిలో మంచం ఖాళీగా ఉంది. ఫారం తెచ్చి సంచిలో పెట్టుకున్నాను. ఇంకోటి కూడా చెప్పేస్తాను. 24న బుధవారం నడిపే వంతు నాది. "మీకు బాగా తెలిసిన ఒక చోటు" గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. దానికి ముందే మారిపోతే వంతు తప్పుతుంది. అదీ ఒక కారణమే, దాచుకోను.

ఇట్లాంటి చోట ఉండి చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాన్నకు ఇంకా చెప్పలేదు. నారుమళ్ల పనిలో ఉన్నాడు.

ఒంగోలు_బుల్లోడు | సెప్టెంబరు 13

నెల్లూరులో రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో ఉన్నానంటున్నావు. తెల్లారకముందే లేపడం, రాత్రి పదిదాకా స్టడీ అవర్, కిటికీలకు జాలీలు. అక్కడా క్లాసులో వాళ్లే, గదిలో వాళ్లే కదా చెల్లీ. దాన్నే తట్టుకున్నదానివి, దీనికి టెన్షన్ ఎందుకు? మేడం కిందే ఉంటుందంటున్నావు, డౌట్లు అడగడానికి ఇంకా సులువు.

కొండపి_పిల్ల | సెప్టెంబరు 13

అన్నా, నేనూ అదే అనుకుని వచ్చాను. తేడా ఉంది. అక్కడ రెండేళ్లలో ఒక్కరు కూడా నన్ను "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగలేదు. ఏ, బి, సి, డి. నాలుగింట్లో ఒకటి గీకితే చాలు. తప్పయితే మార్కు పోతుంది, అంతే, మనిషి జోలికి ఎవరూ రారు. ఇక్కడ రోజుకు నాలుగుసార్లు నువ్వేమనుకుంటున్నావు, నువ్వేమనుకుంటున్నావు. అన్నం తినేటప్పుడు కూడా. నేనేమనుకుంటున్నానో నాకే తెలియదు అన్నా, ఎప్పుడూ అనుకోలేదు కాబట్టి.

సాగర్_పాతబ్యాచ్ | సెప్టెంబరు 14

పై మాట చదివి రాయాలనిపించింది. మాది చీమకుర్తి. ఎంట్రన్స్ రాసి నాగార్జునసాగర్ రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలో, అంటే విజయపురి సౌత్‌లో, బీఏ చదివాను. 1994లో చేరాను. మాకు లెర్నింగ్ కమ్యూనిటీ లాంటి పేర్లు లేవు గానీ పద్ధతి దాదాపు అదే. హిస్టరీ క్లాసులో కొట్లాడుకున్నవాళ్లమే రాత్రి ఒకే గదిలో పక్కపక్కన పడుకునేవాళ్లం. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం, అన్ని జిల్లాల వాళ్లూ ఉండేవాళ్లు.

నీకు ఇంగ్లిష్ సమస్య. నాకు తెలుగే సమస్య, నమ్ముతావా? నేను "ఎట్టా" అంటే శ్రీకాకుళం కుర్రాడు పడీ పడీ నవ్వేవాడు. వాడు "ఏటి" అంటే మేం నవ్వేవాళ్లం. మొదటి రెండు నెలలు నేను ఆచితూచి, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడాను. గదిలో కూడా అట్లా మాట్లాడి మాట్లాడి దవడలు నొప్పెట్టేవి. నీ రెండు సెకన్ల సంగతి నాకు బాగా అర్థమైంది.

నేనేం చేశానంటే, గది మారాను. బ్లాకు మారలేదు. వరండా చివర గదిలో ఒక మాచర్ల కుర్రాడు ఉండేవాడు, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. వాడి గదికి పోయాను. పగలంతా అందరితో తన్నులాటలు, రాత్రికి ఆ గదిలో నిశ్శబ్దం. అది నన్ను నిలబెట్టింది. పైగా సాయంత్రం నీళ్ల వైపు నడిచిపోయేవాణ్ని. నాగార్జునకొండకు పోయే లాంచీలు తిరిగొస్తుండేవి, వాటిని చూస్తూ ఒక్కణ్నే కూర్చునేవాణ్ని. నన్ను వెతుక్కుంటూ అక్కడికి ఎవరూ రాకూడదని గదిలో గట్టిగా చెప్పేశాను. మొదట్లో వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు.

అందుకని ఆ ఫారంలో రెండే దారులున్నట్టు అనుకోవద్దు. అదే అంతస్తులో గది మారడం అనేది మూడోది. వాళ్లు చెప్పరు, మనమే అడగాలి. వంతు తప్పించుకోవడానికి మాత్రం మారకు. తర్వాత మెస్‌లో ఆ పిల్లలు ఎదురైనప్పుడల్లా అది గుర్తొస్తుంది. నేను ఒక డిబేట్ ఎగ్గొట్టి ఇంటికి పోయాను. ముప్పై ఏళ్లయింది, ఇప్పుడు కూడా రాస్తున్నాను చూడు.

పెన్నగట్టు | సెప్టెంబరు 14

అమ్మాయ్, 24వ తేదీకి నేను సబ్జెక్టు ఇస్తాను రాసుకో. మాది ఇందుకూరుపేట. మా పక్కనే పల్లెపాడు. అక్కడ పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి ప్రారంభించారు. పొణకా కనకమ్మగారు స్థలం ఇచ్చారు. కలిసి ఉండటం, కలిసి నూలు వడకటం, కలిసి నేర్చుకోవటం. ఆ కనకమ్మగారే తర్వాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. మీ యూనివర్సిటీ వాళ్లు ఇప్పుడు చెప్పే ముచ్చట మనోళ్లు వందేళ్ల కిందే చేశారని గట్టిగా చెప్పి రా. ఫొటోలు కావాలంటే నేను పోయి తీసి పంపిస్తాను, మా ఇంటికాడ నుంచి సైకిలు మీద పోవచ్చు.

కావలి_అక్క | సెప్టెంబరు 15

పెన్నగట్టు గారూ, మంచి సంగతే చెప్పారు. కానీ ఆ అమ్మాయి పల్లెపాడు చూసిందో లేదో. వాళ్లు అడిగింది "మీకు బాగా తెలిసిన చోటు". ఇంటర్నెట్‌లో చూసి బట్టీ పట్టినది చెప్తే ఇరవై నిమిషాల తర్వాత మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది.

నా సంగతి: కావలి జవహర్ భారతిలో డిగ్రీ చేశాను. ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ. ఖర్చులకని రెండేళ్లుగా ఫస్టియర్ పిల్లల హాస్టల్లో పనిచేస్తున్నాను. మా దాంట్లో మూడు అంతస్తులు ఇట్లాంటి లెర్నింగ్ కమ్యూనిటీలే. కాబట్టి మంచం అటువైపు నుంచి చెప్తాను.

ముందు ఒక కథ, నీకు పనికొస్తుంది. ఈ పద్ధతికి అమెరికాలో తాత లాంటిది 1927లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో మొదలైంది. అలెగ్జాండర్ మైకిల్‌జాన్ అనే ఆయన పెట్టాడు. ఎక్స్‌పెరిమెంటల్ కాలేజీ అని పేరు. మగపిల్లలకే. అందరూ ఒకే భవనంలో ఉండాలి, అందరూ ఒకే పుస్తకాలు చదవాలి. మొదటి ఏడాదంతా రెండున్నర వేల ఏళ్ల కిందటి ఏథెన్స్ నగరం గురించి, రెండో ఏడాది అప్పటి అమెరికా గురించి. ఈ రెండు ఏళ్లకూ మధ్య వేసవి సెలవుల్లో ఏం చేయమన్నారో తెలుసా? ఎవరి ఊరికి వాళ్లు పోయి, ఆ ఊరు ఎట్లా బతుకుతోందో చూసి రాసుకు రమ్మన్నారు. ఏథెన్స్ చదివిన కళ్లతో సొంత ఊరిని చూడమని. ఆ కాలేజీ అయిదేళ్లే నడిచింది, 1932లో మూసేశారు. ఆ సొంత ఊరి పని మాత్రం నాకు ఎప్పుడూ నచ్చుతుంది. మీ మేడం ఇచ్చింది కూడా అదే లెక్క. నీకు ఇంట్లోనే బ్యారన్ ఉంది కదమ్మా. ఆ అంతస్తులో పొగాకు బ్యారన్ లోపలికి పోయి వచ్చినవాళ్లు ఇంకొకరు ఉంటారా?

ఇక అసలు ప్రశ్న. మా దగ్గర మారిపోతామని వచ్చే పిల్లల్లో నేను చూసింది రెండు రకాలు. ఒకరికి నిద్ర పట్టదు, తిండి సయించదు, క్లాసులకు పోవడం మానేస్తారు. వాళ్లను నేనే మార్చేస్తాను, బతిమాలను. నువ్వు అట్లా ఉంటే ఈ పోస్టు పక్కన పెట్టి రేపే పోయి ఫారం ఇచ్చెయ్, అందులో నామోషీ ఏం లేదు. రెండో రకం వాళ్లు క్లాసులకు పోతారు, తింటారు, కానీ ఎప్పుడూ ఎవరో చూస్తున్నట్టు బిగుసుకుని ఉంటారు. నీ రాతను బట్టి నువ్వు రెండో రకం. వాళ్లకు హాస్టల్ కన్నా ముందు గడియారం మార్చాలి. మా దగ్గర గదిలో ఉండేవాళ్లు కూర్చుని ఒక కాగితం రాసుకుంటారు. లైటు ఎన్నింటికి ఆపాలి, బయటివాళ్లను ఎప్పుడు తీసుకురావొచ్చు, ఎవరికి ఏ గంట ఒంటరిగా కావాలి. పిల్లతనంగా అనిపిస్తుంది, పనిచేస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా గది నాది, ఆ గంట నన్ను ఎవరూ ఏమీ అడగొద్దని చెప్పి చూడు. వాళ్లకూ అట్లాంటి గంట కావాలనే ఉంటుంది, నువ్వు ముందు నోరు తెరుస్తావు, అంతే.

ఇంకొకటి. మేడంతో చదువు మాటలు పగలు డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడు, కింద ఇంటి గుమ్మం దగ్గర కాదు. ముందు ఒక పేజీ రాసుకొచ్చి, అది చూసి మాట్లాడతానని అడుగు. ఒప్పుకోని టీచర్‌ని నేనింతవరకూ చూడలేదు.

ఇద్దరుపిల్లలతల్లి_నెల్లూరు | సెప్టెంబరు 15

అందరూ అన్నీ చెప్పారు. నాన్నకు చెప్పలేదన్నావు, ముందు ఆ పని చెయ్ తల్లీ. మా పెద్దోడు బయట చదివేటప్పుడు ఆరు నెలలు మాకు ఏం చెప్పలేదు. తర్వాత తెలిసి నేను ఏడ్చింది వాడి కష్టానికి కాదు, మాకు చెప్పనందుకు. వేలంలో రేటు పడిపోయినా తట్టుకునే మనిషి మీ నాన్న, ఇదొక లెక్కా?

కొండపి_పిల్ల | సెప్టెంబరు 26

అందరికీ థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోవద్దు. మొన్న బుధవారం అయిపోయింది.

ముందు నాన్నకు ఫోన్ చేశాను. ఏడుద్దామనుకుని చేశాను గానీ, సిగ్గేసి బ్యారన్ గురించి అడిగాను. ఎన్ని డిగ్రీల దగ్గర మొదలుపెడతాం నాన్నా అని. ఆయన గంటసేపు చెప్పాడు. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న పనే, ఆయన నోటి నుంచి వరసగా ఎప్పుడూ వినలేదు. పచ్చాకు పసుపు తిరిగేదాకా సన్నటి వేడే ఉండాలట. వంద డిగ్రీలు, ఫారన్‌హీట్ లెక్కన. తొందరపడి పెంచితే ఆకు పచ్చగానే బిగుసుకుపోతుంది, ఇక రంగు తిరగదు. తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్లాలి. అయిదారు రోజులు పగలూ రాత్రీ పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే. చెప్పడం అయిపోయాక "ఏమ్మా, అక్కడ దీన్ని కూడా చదువు అంటారా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పుడు చెప్పాను మిగతాదంతా. "మారాలనిపిస్తే మారు, ముందు ఆ మాటలు చెప్పేసి మారు" అన్నాడు.

కావలి అక్క చెప్పినట్టే ఒక పేజీ రాసుకుని మేడం దగ్గరకు పగలు పోయాను. ఇంగ్లిష్‌లో మాట దొరక్కపోతే తెలుగు మాటే వాడి అర్థం చెప్పమన్నారు. దాంతో సగం బరువు దిగింది. రెలుపు (ఆకు కోత), మండె (ఎండిన ఆకు దొంతర), నారుమడి, ఇవన్నీ బోర్డు మీద తెలుగులో రాశాను. కర్రలకు ఆకు కట్టడం చున్నీతో, స్కేలుతో చేసి చూపించాను. కొండపి వేలం కేంద్రంలో బేళ్ల (ఆకు మూటల) వరసలు, కొనేవాళ్లు నడుచుకుంటూ పోవడం, మన బేలు ముందు ఎవరూ ఆగకపోతే దాని మీద "నో బిడ్" పడటం, దాన్ని మళ్లీ ట్రాక్టర్‌లో వేసుకుని ఇంటికి తెచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం, అన్నీ చెప్పాను. బ్యారన్‌కి గుంటూరులో ఉన్న పొగాకు బోర్డు లైసెన్సు ఇవ్వాలి, ఎంత పండించాలో కూడా వాళ్లే చెప్తారు అంటే నమ్మలేదు చాలామంది. ఇరవై నిమిషాలనుకున్నది ముప్పై అయిదు నిమిషాలైంది.

తర్వాత ఒకమ్మాయి చెయ్యెత్తింది. వరండా అవతలి వైపు గది, ఎక్కువ మాట్లాడదు. "మా తాతయ్య సిగరెట్లు తాగి తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. మీ నాన్నకు ఎట్లా అనిపిస్తుంది?" అని అడిగింది. నాకు నోరు పెగల్లేదు. మళ్లీ అదే. మేడం కల్పించుకోబోయి ఆగారు. చివరికి "నేను ఎప్పుడూ అడగలేదు. ఆ డబ్బుతోనే నేను ఇక్కడికి వచ్చాను" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు.

మామూలు హాస్టల్ అయితే అక్కడితో ఎవరి గదికి వాళ్లం పోయేవాళ్లం. ఇక్కడ పోవడానికి చోటు లేదు కదా. పదకొండింటికి వాటర్ ఫిల్టర్ దగ్గర ఎదురుపడ్డాం. ఇద్దరి చేతుల్లో సీసాలు. అది నిండడానికి ఎంతసేపు పడుతుందో! ఆ పిల్ల సారీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. "నో బిడ్ పడిన బేలు ఏమవుతుంది?" అని అడిగింది. మళ్లీ గ్రేడు చేసి, తేమ చూసుకుని, ఇంకో రోజు తీసుకెళ్తామని చెప్పాను. మళ్లీ ఎవరూ కొనకపోతే? అంది. అట్లా మెట్ల మీద కూర్చుని రెండింటిదాకా మాట్లాడాం. వాళ్ల తాతయ్య గురించే ఎక్కువ. నవ్వడానికి ఏం లేదు కాబట్టి నా రెండు సెకన్లు గుర్తు రాలేదు. మర్నాడు ఎనిమిదింటి క్లాసులో ఇద్దరం నిద్రపోయాం, మేడం చూశారు, ఏం అనలేదు.

సాగర్ అన్నా, మీ మూడో దారే పట్టాను. ఒకటో తేదీ నుంచి ఆ అమ్మాయి గదికి మారుతున్నాను. వాళ్ల గదిలో ఒకామె మామూలు హాస్టల్‌కి పోతోంది. నా ఫారం ఆమెకే ఇచ్చాను, ఆమెకు దొరకలేదట. బెంగళూరు, కొచ్చి అమ్మాయిలకు చెప్తే ఒక నిమిషం బాధపడి, మంచం ఎవరు తీసుకోవాలా అని వెంటనే వాదన మొదలుపెట్టారు, కిటికీ పక్కది కదా. తొమ్మిది నుంచి పది దాకా గంట సంగతి కొత్త గదిలో ముందే మాట్లాడుకున్నాం.

పెన్నగట్టు బాబాయ్, పల్లెపాడు ఫొటోలు పంపండి. నా తర్వాతి వంతు ఫిబ్రవరిలో. ముందు నేను వచ్చి చూస్తాను.

ఆ అమ్మాయి దసరాకు మా ఊరు వస్తానంటోంది, బ్యారన్ చూడాలట. ఇప్పుడొస్తే ఉత్త నాలుగు గోడలూ తాళమూ తప్ప ఏం ఉండదని చెప్పాను.

ఒంగోలు_బుల్లోడు | సెప్టెంబరు 26

సంక్రాంతికి తీసుకురా చెల్లీ. అప్పటికి పొయ్యి రాజేస్తారు కదా? వానలను బట్టి ఉంటుందేమో, నాన్నను అడిగి టికెట్లు చెయ్యి. పండక్కి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకదు.